చేత్తో కట్టిన 1980ల స్టీల్ మౌంటెన్ బైక్ ఇంటికొచ్చింది – సీట్ పిల్లర్ పట్టేసింది, రంగు పోయింది, కొలతలు నావి కావు

కొండదారి (నొవాటో, కాలిఫోర్నియా)

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు, వడ్రంగి పని చేసి రిటైరయ్యారు. మోకాళ్ళు రెండూ ఆపరేషన్ అయ్యాయి. పోయిన నెల ఆయన గరాజ్ సర్దుకుంటుంటే సాయానికి వెళ్ళాను. పైన దూలానికి తాళ్ళతో వేలాడదీసి, పాత దుప్పటి కప్పి ఒక సైకిల్ ఉంది. దించి దుమ్ము తుడిస్తే, మౌంటెన్ బైక్ ఫ్రేములు చేత్తో కట్టడంలో పేరున్న స్టీవ్ పాట్స్ కట్టిన బండి! 80ల మధ్యలో ఒళ్ళు కొలతలిచ్చి, నెలల తరబడి ఎదురుచూసి కట్టించుకున్నారట. ఆ కొలతలు రాసుకున్న కాగితం కూడా ఇంకా ఆయన దగ్గరే ఉంది. "నువ్వు తొక్కుతానంటే ఇస్తాను, గోడకి తగిలిస్తానంటే ఇవ్వను" అన్నారు. ఎంతకిచ్చారో బయట చెప్పనని మాటిచ్చాను కాబట్టి అది అడక్కండి.

ఇక సంగతులు. ఫ్రేము ఫిల్లెట్ బ్రేజింగ్, ఒక్క లగ్గు లేదు. ముందు లావు కాళ్ళ టైప్ 2 ఫోర్కు. బ్రేకులు రోలర్ క్యామ్. హాండిల్ మీద ఫ్రిక్షన్ షిఫ్టర్లు (క్లిక్కులు లేని గేరు లీవర్లు), వెనక ఆరు పళ్ళ చక్రాల ఫ్రీవీల్. 26 ఇంచుల చక్రాలు. నాకున్న సమస్యలు ఇవి: అల్యూమినియం సీట్ పిల్లర్ (సీటుని మోసే గొట్టం) ఫ్రేములో పట్టేసింది, ఇసుమంత కూడా కదలడం లేదు. టాప్ ట్యూబ్ మీదా చైన్ స్టేల మీదా రంగు లేచిపోయి తుప్పు మరకలు పడ్డాయి. ముందు బ్రేకు పట్టీ పట్టనట్టు ఉంది. అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తున్నది ఏంటంటే ఆయన ఆరడుగుల రెండంగుళాలు, నేను ఐదు పది. ఆయన కొలతలతో కట్టిన బండి ఇది. నిలబడి దిగడానికి ఇబ్బంది లేదు కానీ హాండిల్ మాత్రం చాలా దూరంగా అనిపిస్తోంది.

మీరైతే ఏం చేస్తారు?

గ్రీజుచేతులు (పెటలూమా)

కొండదారి గారూ, ముందు అభినందనలు. రెండోది, దయచేసి ఈ వారం ఆ బండి మీద ఎలాంటి బలమూ వాడకండి. సీట్ పిల్లర్‌ని పైపు రెంచితో పట్టి తిప్పి, సీట్ ట్యూబ్ మెలి తిరిగిపోయిన ఫ్రేము నేను కళ్ళారా చూశాను. ఇలాంటి ఫ్రేముల్లో ట్యూబులు కొసల్లో మందంగా, మధ్యలో పల్చగా ఉంటాయి. మధ్యలో మందం మిల్లీమీటరు కూడా ఉండదు.

ఎందుకు పట్టేస్తుందంటే, స్టీలూ అల్యూమినియమూ తడిలో ఆనుకుని ఉంటే అల్యూమినియం తినేసి తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడికి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు కావాలి, అందుకే బిగుసుకుపోతుంది. గ్రీజు రాయకుండా పదేళ్ళు వదిలేస్తే ఇదే గతి.

నేను చేసే పద్ధతి చెబుతాను. చక్రాలు, క్రాంకులు, బాటమ్ బ్రాకెట్ (క్రాంకులు తిరిగే ఇరుసు) అన్నీ విప్పేయండి. ఫ్రేముని తలకిందులుగా నిలబెట్టి, బాటమ్ బ్రాకెట్ గొట్టంలోంచి సీట్ ట్యూబ్‌లోకి పెనెట్రేటింగ్ ఆయిల్ పోయండి. అది పిల్లర్ కింది అంచు దాకా జారుతుంది. ఒక రోజు అలా ఉంచి, మర్నాడు తిరగేసి పైనుంచి కాలర్ దగ్గర వేయండి. రోజూ ఇదే పని, కనీసం రెండు వారాలు. మధ్యమధ్యలో చెక్క సుత్తితో పిల్లర్ తలని నాలుగు పక్కలా మెల్లగా తట్టండి. ఆ అదురుకి నూనె లోపలికి దిగుతుంది.

వేడి మాత్రం పెట్టకండి, అందరూ చేసే పొరపాటు అదే. వేడికి అల్యూమినియం స్టీలుకి దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, అంటే ఇంకా బిగుస్తుంది. మనకి కావాల్సింది చల్లదనం. పిల్లర్‌కి డ్రై ఐస్ పెడితే అది ఫ్రేము కన్నా ఎక్కువ ముడుచుకుంటుంది, ఆ క్షణంలో తిప్పాలి. చేతులకి మందపాటి గ్లౌజులు, గది తలుపులు బార్లా తీసి.

ఏదీ పనిచేయకపోతే కాస్టిక్ సోడా. అది అల్యూమినియాన్ని కరిగిస్తుంది, స్టీలుని ఏమీ చేయదు. కానీ హైడ్రోజన్ వస్తుంది, కళ్ళకి ప్రమాదం, రంగు మొత్తం పోతుంది. అది ఆఖరి దారి, అప్పుడు కూడా తెలిసినవాళ్ళ చేతే చేయించండి.

నల్లమల_రైడర్ (హైదరాబాద్)

అన్నా, ఒక ప్రశ్న, తెలుసుకుందామనే అడుగుతున్నా. మా నాన్న అట్లాస్ సైకిల్ కూడా స్టీలే, అదీ నలభై ఏళ్ళుగా నడుస్తోంది. నేను చిన్నప్పుడు తొక్కిన హీరో రేంజర్ కూడా స్టీలే. మరి ఈ బండిలో అంత గొప్పేంటి? ఫిల్లెట్ బ్రేజింగ్ అంటే మన సైకిల్ షాపుల్లో చేసే ఇత్తడి వెల్డింగేనా?

గ్రీజుచేతులు

తమ్ముడూ, మంచి ప్రశ్న. పని ఒకటే జాతి. అట్లాస్‌లో ట్యూబుల కొసలు లగ్గుల్లో దూర్చి ఇత్తడితో అతికిస్తారు. లగ్గు అంటే ముందే ఒక కోణంలో, ఒక ట్యూబు సైజుకి పోతపోసిన జాయింటు. కోణం మార్చాలన్నా, లావు ట్యూబు వాడాలన్నా దానికి సరిపడే లగ్గు దొరకాలి. 70ల చివర్లో, 80ల మొదట్లో కొండలమీద తొక్కే బండ్లకి లావు ట్యూబులు కావాల్సి వచ్చేసరికి సరిపోయే లగ్గులు లేవు. అందుకని టామ్ రిచీ, పాట్స్ లాంటివాళ్ళు లగ్గు లేకుండానే కట్టారు. ఒక ట్యూబు కొసని రెండో ట్యూబు గుండ్రానికి సరిగ్గా ఆనేలా ఆకురాయితో రాస్తారు, సందులో వెంట్రుక దూరకూడదు. తర్వాత టార్చితో ఎర్రగా వేడిచేసి, జాయింటు చుట్టూ ఇత్తడిని కరిగించి వంపుగా పేరుస్తారు. ఇత్తడి కరిగేది 900 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ, స్టీలు కరగాలంటే 1500 దగ్గరికి వెళ్ళాలి. అంటే ట్యూబు కరగదు, ఇత్తడి దాన్ని పట్టుకుంటుంది. ఎక్కువ సేపు కాల్చితే పల్చటి ట్యూబు బలం పోతుంది, తక్కువ కాల్చితే ఇత్తడి అంటదు. ఆ మధ్య తేడా తెలిసిన చెయ్యి కావాలి. ఆ తర్వాత గంటల తరబడి రాసి నునుపు చేస్తారు. కొండదారి గారు హెడ్ ట్యూబ్ దగ్గర వేలితో తడిమి చూడండి, ఒక ట్యూబు ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలైందో వేలికి తెలియదు.

మీ నాన్నగారి అట్లాస్‌ని తక్కువ చేయడం లేదు. అది వందకిలోల వడ్ల బస్తా మోయడానికి కట్టింది. ఇది రాళ్ళ దారిలో ఒక మనిషిని కిందికి దింపడానికి, అదీ ఒక్క మనిషి కొలతతో కట్టింది.

నల్లమల_రైడర్

అర్థమైంది అన్నా. ఇప్పుడు కొండదారి గారు పెట్టిన ఫోటో మళ్ళీ చూస్తే నిజంగానే పోసినట్టుంది ఆ జాయింటు.

లక్ష్మి_సన్నీవేల్

నా మాట కొంచెం కటువుగా అనిపించొచ్చు, కానీ చెప్పకుండా ఉండలేను. కొలతలిచ్చి కుట్టించిన చొక్కా ఇంకొకరికి సరిపోదు. మీకన్నా నాలుగంగుళాలు పొడుగున్న మనిషికి కట్టిన బండి మీద గంటల తరబడి కొండలెక్కితే నడుమూ మెడా రెండూ పోతాయి. దానికి సరిపోయే మనిషి ఎక్కడో ఉంటారు, వాళ్ళకిచ్చి మీ కొలతకి ఒకటి వెతుక్కోవడం మంచిదని నా అభిప్రాయం.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే నేను ఐదడుగులు. చాలా ఏళ్ళు షాపులో దొరికే అతి చిన్న సైజు కొనుక్కుని, సీటు ముందుకి తోసి, హాండిల్ వెనక్కి లాగి, ముంజేతులు తిమ్మిరెక్కుతుంటే తొక్కాను. చిన్న ఫ్రేముకి పెద్ద చక్రం పెడితే మలుపులో ముందు టైరు కాలివేళ్ళకి తగిలేది. ఆఖరికి డబ్బు కూడబెట్టి స్టీల్ ఫ్రేము కట్టించుకున్నాను, 26 ఇంచుల చక్రాలతోనే. మొదటిరోజు తొక్కినప్పుడు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. సైకిల్ మీద నా ఒళ్ళు ఎక్కడా గుర్తురాలేదు, అది చాలు. ఈ క్రీడ మొదట్నుంచీ మగవాళ్ళ సైజులోనే ఉంది. జాకీ ఫీలన్ లాంటివాళ్ళు 80ల్లో రేసులు గెలిచి, 1987లో ఆడవాళ్ళ కోసం వోంబాట్స్ అనే క్లబ్బు పెట్టి దారులు చూపించకపోతే మాలాంటివాళ్ళు ఇటువైపు వచ్చేవాళ్ళమే కాదు. అందుకే కస్టమ్ అంటే నాకు ఆర్భాటం కాదు, అవసరం.

కొండదారి

లక్ష్మి గారూ, కటువేం కాదు, నేను కూడా రాత్రిళ్ళు ఇదే ఆలోచిస్తున్నాను. కానీ ఆయన ఇచ్చింది నాకు, నేను తొక్కుతానన్నందుకు ఇచ్చారు. ఇంకొకరికి అమ్మితే ఆ మాట తప్పినట్టే. సీట్ పిల్లర్ వచ్చేస్తే సీటు దించి, పొట్టి స్టెమ్ (హాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) వేసి చూడాలనుకుంటున్నా. టేప్ పెట్టి కొలిచాను, నాకు అలవాటైన బండి కన్నా హాండిల్ ఆరు సెంటీమీటర్లు దూరం.

రెండుచక్రాలు (ఆస్టిన్)

ఆరు సెంటీమీటర్లు స్టెమ్‌తో సర్దుకోవచ్చు, పెద్ద విషయం కాదు. పాత బండ్లకి ఎలాగూ 13, 14 సెంటీమీటర్ల స్టెమ్‌లు ఉండేవి. ఒకటి గుర్తుపెట్టుకోండి, మీది క్విల్ స్టెమ్, లోపలికి దిగి బిగుసుకునే రకం. ఈ కాలం స్టెమ్‌లు పట్టవు. ఇంకోటి, పాట్స్ స్టెమ్‌కి ముందు బ్రేకు కేబుల్ దిగడానికి చిన్న రోలర్ అమర్చి ఉంటుంది చూడండి. స్టెమ్ మారిస్తే ఆ రోలర్ పోతుంది, హెడ్‌సెట్ దగ్గర కేబుల్ హాంగర్ వేసుకోవాలి. అసలు స్టెమ్‌ని గుడ్డలో చుట్టి జాగ్రత్తగా దాచండి, అది మళ్ళీ దొరకదు.

ఇంకో విషయం కూడా, ఎందుకంటే ప్రతి చర్చలోనూ "స్టీలు మెత్తగా ఉంటుంది" అని ఎవరో ఒకరు రాస్తారు. చౌక స్టీలైనా ఖరీదు స్టీలైనా గట్టిదనం, అంటే వంగకుండా ఆపే గుణం, దాదాపు ఒకటే. ఖరీదు స్టీలుకి బలం ఎక్కువ, కాబట్టి ట్యూబు పల్చగా చేయొచ్చు, బరువు తగ్గుతుంది, కాస్త స్ప్రింగు వస్తుంది. కానీ కింద రాయి తగిలినప్పుడు మీకు తెలిసే మెత్తదనంలో ఎక్కువ భాగం టైరుదీ, అందులో గాలిదీ. లావు టైరు వేసి గాలి తగ్గించండి, ఫ్రేము గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

గ్రీజుచేతులు

టైరు మాట ఒప్పుకుంటాను. పూర్తిగా మాత్రం ఒప్పుకోను. ముప్ఫై ఏళ్ళుగా అన్ని రకాలూ తొక్కాను, మంచి స్టీలు ఫోర్కు రాళ్ళలో ముందుకీ వెనక్కీ ఎలా ఊగుతుందో చేతులకి తెలుస్తుంది. లెక్కల్లో చిన్నదే కావచ్చు, నాలుగు గంటల తర్వాత చిన్నది కాదు.

పెదవాల్తేరు (విశాఖ)

అందరికీ నమస్కారమండి. నా దగ్గర 90ల నాటి స్టీల్ మౌంటెన్ బైక్ ఉందండి, ఇక్కడ సముద్రపు గాలికి ఏదైనా రెండేళ్ళలో తుప్పు. పైన రంగు బానే ఉంది, లోపల ఏమవుతోందో అని భయం. కొండదారి గారి ఫ్రేము లోపల కూడా చూడాలి కదండీ?

గ్రీజుచేతులు

అవునండి, అందరూ మర్చిపోయేది అదే. స్టీలు ఫ్రేము లోపలినుంచే చస్తుంది. సీట్ పిల్లర్ పక్కనుంచి నీళ్ళు దిగి బాటమ్ బ్రాకెట్ దగ్గర నిలుస్తాయి. ముందు అక్కడ అడుగున నీళ్ళు పోయే చిన్న చిల్లు ఉందో లేదో, ఉంటే మట్టితో మూసుకుందేమో చూడండి. విడిభాగాలన్నీ విప్పాక ఫ్రేము ఆరబెట్టి, లోపల ఉడికించిన అవిసె నూనె పోసి, అన్ని ట్యూబుల్లోకీ పారేలా అటూ ఇటూ తిప్పి, మిగిలింది ఒంపేసి, కొన్ని రోజులు వదిలేయండి. అది ఆరి పల్చటి పొరలా పట్టుకుంటుంది. ఫ్రేములకని ప్రత్యేకంగా అమ్మే స్ప్రేలు కూడా ఉన్నాయి, కానీ విశాఖలో అవిసె నూనె తేలిగ్గా దొరుకుతుంది కదా.

ఒక్క హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండలా చుట్టి మూలన పడేయొద్దు. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి ఉండలో చిక్కుకుంటే గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. విప్పి బయట పరిచి ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచి ఉంచండి.

పెదవాల్తేరు

ఇది ఎవరూ చెప్పలేదండి ఇంతవరకు. చాలా థ్యాంక్స్ అండి, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు.

కొండదారి

పందొమ్మిదో రోజు. వచ్చేసింది!!!

నిన్న రాత్రి డ్రై ఐస్ పెట్టి పది నిమిషాలు ఆగి, మా ఆవిడ ఫ్రేముని పట్టుకుంటే నేను పాత సీటు బిగించి రెండు చేతుల్తో తిప్పాను. మూడుసార్లు ఏమీ లేదు. నాలుగోసారి లోపలినుంచి కిర్రుమని ఒక శబ్దం, గుండె ఆగినంత పనైంది, ఫ్రేము పగిలిందేమో అనుకున్నా. పిల్లర్ చిటికెన వేలి గోరంత కదిలింది. అక్కడినుంచి అటూ ఇటూ తిప్పుతూ, నూనె వేస్తూ, గంటన్నర. బయటికొచ్చిన పిల్లర్ చుట్టూ సున్నం కొట్టినట్టు తెల్లటి పొడి. సీట్ ట్యూబ్ లోపల టార్చి వేసి చూశాను, పైపైన తుప్పుంది కానీ గుంటలు పడలేదు. గ్రీజుచేతులు గారూ, మీరెప్పుడు ఇటొచ్చినా మా ఇంట్లో భోజనం.

ఇప్పుడు రంగు. దగ్గర్లోని ఒక షాపువాళ్ళు ఇసుకతో బ్లాస్ట్ చేసి పౌడర్ కోటింగ్ వేస్తామన్నారు, కొత్తదానిలా ఉంటుందట. మా ఆవిడ కూడా చేయించమనే అంటోంది.

రెండుచక్రాలు

పౌడర్ కోటింగ్ వేడి దాదాపు 200 డిగ్రీలు, దానికి ఇత్తడి జాయింట్లకి ఏమీ కాదు. భయపడాల్సింది బ్లాస్టింగ్‌తో. అలవాటు లేని చెయ్యి ఎక్కువసేపు ఒకేచోట పెడితే పల్చటి ట్యూబుని తినేస్తుంది. పైగా పౌడర్ మందంగా పడి ఆ జాయింట్ల అందం కప్పేస్తుంది.

లక్ష్మి_సన్నీవేల్

నేను మొదట అమ్మేయమన్నదాన్ని, ఇప్పుడు మాత్రం ముట్టుకోవద్దంటున్నాను. టాప్ ట్యూబ్ మీద ఆ గీతలు ఆయన కంచెల మీదుగా బండి ఎత్తి దాటించినవీ, కారు వెనక కట్టుకుని తిప్పినవీ అయ్యుంటాయి. రంగు ఒకసారి తీసేస్తే మళ్ళీ రాదు. బోల్టులతో బిగించినవి మీ ఒంటికి తగ్గట్టు ఎన్నైనా మార్చండి, పాతవి డబ్బాలో ఉంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి పెట్టొచ్చు. టార్చితో, రంగుతో చేసినవి వదిలేయండి.

గ్రీజుచేతులు

నాదీ అదే ఓటు. తుప్పు మరకల్ని సన్నటి స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్ది, ఆక్సాలిక్ యాసిడ్ పల్చటి ద్రావణంతో తుడిచి, నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టి, రంగు లేచిన చోట మాత్రం పారదర్శక లక్క వేయండి. మైనం పట్టిస్తూ ఉంటే ఇంకో ముప్ఫై ఏళ్ళు ఉంటుంది. ట్యూబు మీద చీలికలు లేవని మాత్రం బాగా చూడండి, ముఖ్యంగా హెడ్ ట్యూబ్ కింద, డౌన్ ట్యూబ్ అడుగు పక్క. రంగు మీద వెంట్రుకలాంటి అడ్డగీత, దానిలోంచి తుప్పు కారుతున్నట్టు కనిపిస్తే తొక్కొద్దు.

బ్రేకు సంగతి మిగిలింది కదా. రోలర్ క్యామ్ చార్లీ కన్నింగ్‌హామ్ ఆలోచన, తర్వాత సన్‌టూర్ కంపెనీ కూడా తయారుచేసింది. రెండు చేతుల పైకొసల మధ్య ఒక పలక ఉంటుంది, కేబుల్ లాగితే అది పైకొచ్చి రోలర్లని విడదీస్తుంది, కింద రబ్బర్లు రిమ్ముని పట్టుకుంటాయి. పలక అంచుల వంపులోనే దాని బలమంతా ఉంది. రోలర్లు తిరుగుతున్నాయా, పలక మీద గ్రీజు ఎండిందా చూడండి, తొంభై శాతం అదే. రెండు పక్కల స్ప్రింగులూ సమానంగా లాగేలా పెట్టండి. ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఈ బ్రేకు ఇరుసులు రిమ్ముకి పైన ఉంటాయి, అందుకని రబ్బరు అరిగేకొద్దీ పైకి జరిగి టైరు పక్కని కోసేస్తుంది. నెలకోసారి చూసుకోండి. ఆ బుడిపెలకి వి-బ్రేకు పట్టదు, కొనకండి.

కొండదారి

సరే, రంగు ముట్టుకోవడం లేదు. మా ఆవిడకి ఈ చర్చ చదివి వినిపించాను, ఒప్పుకుంది. రోలర్లు విప్పితే లోపల గ్రీజు గట్టిపడి లక్కలా అయిపోయి ఉంది. కడిగి కొత్త గ్రీజు పెట్టాక ఒక్క వేలితో బ్రేకు పడుతోంది.

కొండదారి

రెండు నెలల తర్వాత రాస్తున్నా. నిన్న రీప్యాక్ దిగాను.

తెలియనివాళ్ళ కోసం: ఫెయిర్‌ఫాక్స్ ఊరి పైన ఉన్న ఒక ఫైర్ రోడ్డు (అగ్నిమాపక బండ్ల కోసం వేసిన మట్టిరోడ్డు) అది. సుమారు రెండు మైళ్ళలో 1300 అడుగుల దిగుడు. 1976 అక్టోబర్‌లో అక్కడ మొదటి పందెం పెట్టారు, 30లు 40ల నాటి లావు టైర్ల ష్విన్ సైకిళ్ళతో. వాటికి వెనక్కి తొక్కితే పడే బ్రేకు. కిందికొచ్చేసరికి హబ్బులోని గ్రీజంతా కాలి పొగైపోయేది, మళ్ళీ గ్రీజు నింపాల్సొచ్చేది, అందుకే ఆ పేరు. ఆ పందేల్లో పోటీపడిన జో బ్రీజ్ 1977లో కొండ దారుల కోసమే కొత్త స్టీల్ ఫ్రేము కట్టాడు. ఆయన బండ్లూ, మరెన్నో ఫెయిర్‌ఫాక్స్‌లోని సైకిల్ మ్యూజియంలో ఉన్నాయి, ఇటొస్తే తప్పకుండా చూడండి.

బోలినాస్ రోడ్డు మీంచి పైన్ మౌంటెన్ ఫైర్ రోడ్డు పట్టుకుని ఎక్కాను. ఆ ఎక్కుడు గురించి ఏం చెప్పను, వదులు రాళ్ళు, ఎండ, చిన్న గేరులో గంట పైన. పొట్టి స్టెమ్ వేశాక హాండిల్ చేతికి దగ్గరగానే ఉంది, నడుము నొప్పి లేదు. వీల్‌బేస్ పొడుగు కాబట్టి నిటారు ఎక్కుడులో కూడా ముందు చక్రం లేవలేదు. క్లిక్కులు లేని షిఫ్టర్‌తో గేరు మార్చడం మొదట్లో చెవితో నేర్చుకోవాల్సొచ్చింది, చైను గరగర ఆగేదాకా లీవర్ని కాస్త ముందుకో వెనక్కో సర్దాలి. ఇప్పుడు ఆలోచించకుండానే చెయ్యి సర్దేస్తోంది.

దిగుడులో సస్పెన్షన్ లేదు కదా, చేతులూ మోకాళ్ళే సస్పెన్షన్. నా కొత్త బండి మీద ఆ రాళ్ళ మీంచి చూడకుండా వెళ్ళిపోతాను. దీనిమీద ప్రతి రాయినీ ముందే చూసి, దారి ఎంచుకుని, బరువు వెనక్కి వేసి దిగాలి. సగం స్పీడు కూడా లేదు, ఇక్కడ ఫైర్ రోడ్లమీద పరిమితి గంటకి 15 మైళ్ళే కాబట్టి ఇబ్బందీ లేదు. ఆ ఫోర్కు గురించి గ్రీజుచేతులు గారు రాసింది నిజం, గుండ్రాళ్ళు పరిచిన మలుపులో అది ముందుకీ వెనక్కీ ఊగుతుంటే చేతుల్లో తెలిసింది. టైర్లు కూడా లావువే వేశాను రెండుచక్రాలు గారూ, గాలి తగ్గించే దిగాను, కాబట్టి మీ మాట కూడా కాదనను.

కింద కాస్కేడ్ క్యాన్యన్ గేటు దగ్గర పెద్దాయన కారులో వచ్చి కూర్చుని ఉన్నారు, నేను చెప్పకపోయినా మా ఆవిడ ఫోన్ చేసిందట. బండి దించగానే ముందు రిమ్ము పట్టుకుని చూశారు, వేడిగా ఉంది. స్టెమ్ మార్చింది చూసి ఏమైనా అంటారేమో అని భయపడ్డాను. టాప్ ట్యూబ్ మీద మట్టి బొటనవేలితో తుడిచి, "దీనికి ఈ మట్టి పట్టి పందొమ్మిదేళ్ళయింది" అన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

లక్ష్మి_సన్నీవేల్

ఆయన్ని నేను కలవాలి. ఆ కొలతల కాగితం ఫోటో తీసి ఉంచారా? స్టెమ్‌తో పాటు అది కూడా బండితోనే ఉండాలి.

కొండదారి

ఆ కాగితం నిన్ననే ఇచ్చారండి. వెనక వైపు ఖాళీగా ఉంటే నా కొలతలు కూడా అక్కడే రాయించారు, ఆయన చేత్తోనే.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నా. పొద్దున ఏడున్నరకి అజేలియా హిల్ పార్కింగ్ దగ్గర. లక్ష్మి గారూ, గ్రీజుచేతులు గారూ, కుదిరితే రండి, పెద్దాయన కింద గేటు దగ్గర ఉంటానన్నారు. 26 ఇంచుల టైరు ట్యూబులు రెండు నా దగ్గర ఎక్కువే ఉన్నాయి, నీళ్ళు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి, పైన దొరకవు.

గ్రీజుచేతులు

వస్తున్నా. రోలర్లకి గ్రీజు తెస్తాను.